పసిబిడ్డను ఏడవనివ్వమనే సలహాలో నిజమెంత

కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి ఇరుగుపొరుగు మోసుకొచ్చే సలహాల్లో తరచుగా వినిపించేదీ, ఈమధ్య ఫోన్లలో పెద్ద సందేశంగా చేతులు మారుతున్నదీ ఒకటుంది: బిడ్డ ఏడవగానే ఎత్తుకోవద్దు. ఆ సందేశంలో ఉన్నది క్లుప్తంగా ఇది. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే బిడ్డ దానికి అలవాటుపడి చంక దిగదు. కాసేపు ఏడిస్తే ఊపిరితిత్తులు బలపడతాయి. నెలల పిల్లలు కూడా పెద్దవాళ్లను ఆడించడానికి కావాలనే ఏడుస్తారు. ఒక్క వారం మనసు గట్టి చేసుకుని వదిలేస్తే వాళ్లంతట వాళ్లే నిద్రపోవడం నేర్చుకుంటారు, మా పిల్లలంతా అలాగే పెరిగారు. మధ్యలో జాలిపడి ఎత్తుకుంటే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఏం జరిగినా తలుపు తీయవద్దు. చెప్పేవాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు; నిద్ర లేక వాడిపోయిన తల్లి ముఖం చూసి, ఆమెకు కొంచెం తెరిపి దొరకాలనే చాలామంది ఈ మాట చెబుతారు. అయినా ఇందులో చాలా భాగం నిజం కాదు, చివరి భాగం ప్రమాదకరం కూడా. నేను రాస్తున్నది మొదటి మూడు నాలుగు నెలల పసిబిడ్డల గురించి; రెండేళ్ల పిల్లవాడు బొమ్మ కోసం చేసే మారాం వేరే సంగతి, దానికి చెప్పాల్సిన జవాబు కూడా వేరు.

ఎత్తుకుంటే అలవాటుపడుతుందన్న మొదటి మాటను తరతరాల అనుభవంగా చెప్పుకుంటారు గాని, దాన్ని ఇంత కచ్చితమైన నియమంగా మార్చి ప్రచారం చేసినవాళ్లలో నిపుణులూ ఉన్నారు. అమెరికాలో పిల్లల వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో తల్లుల కోసం, ఆయాల కోసం రాసిన పుస్తకంలో ఏడుపును బిడ్డకు వ్యాయామమన్నాడు. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ పిల్లలను ముద్దాడవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని, పొద్దున లేవగానే కరచాలనం చేస్తే చాలని తల్లిదండ్రులకు బోధించాడు. ఎత్తుకుని పెంచిన పిల్లలనూ ఎత్తుకోకుండా పెంచిన పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూసి ఈ నియమాలు చేసినవి కావు. అలా పోల్చి చూసే పని చాలా కాలం తర్వాత మొదలైంది. కెనడాలోని మాంట్రియల్‌లో అర్స్ హుంజికర్, రొనాల్డ్ బార్ అనే పరిశోధకులు 99 మంది తల్లులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా రోజుకు కనీసం మూడు గంటలు అదనంగా ఎత్తుకుని తిరగమన్నారు. 1986లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఆరు వారాల వయసులో ఎక్కువగా ఎత్తుకున్న పిల్లలు రెండో జట్టు పిల్లలకంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. ఎత్తుకోవడం ఏడుపును అలవాటు చేసేదే అయితే లెక్క దీనికి తలకిందులుగా రావాలి.

ఇదే విషయంలో నా వాదనకు పూర్తిగా అనుకూలించని ఆధారాలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. అదే బార్ బృందం 1991లో, అప్పటికే విపరీతంగా ఏడుస్తున్న పిల్లలను అదనంగా ఎత్తుకోమని చెప్పి చూసినప్పుడు ఏడుపు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని మేరీ ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ అనే పరిశోధకులు 1972లో ప్రకటించిన అధ్యయనం 26 కుటుంబాలను మాత్రమే గమనించింది, ఆ తర్వాత దానిపై చాలా వాదోపవాదాలు నడిచాయి. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశీలన, చిన్నపాటి చిరాకు ఏడుపుకు తల్లి ఒకటి రెండు క్షణాలు ఆగి చూసినా నష్టం లేదన్న వైపు మొగ్గింది. వీటన్నిటినీ కలిపి చదివితే తేలేదేమిటంటే, ఎత్తుకుంటే ప్రతి బిడ్డా ఊరుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే పసితనంలో ఎత్తుకోవడం వల్ల బిడ్డ చెడిపోయిందని చూపిన ఆధారం కూడా లేదు. చంక దిగదన్న భయానికి జవాబు మన కళ్ల ముందే ఉంటుంది. తొమ్మిదో నెలకు వచ్చి పాకడం పట్టుకున్న పిల్లను ఎత్తుకుని చూడండి, నేల మీదికి జారిపోవడానికి నడుము ఎలా మెలితిప్పుతుందో తెలుస్తుంది.

ఊపిరితిత్తుల మాట మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. గర్భంలో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో ద్రవం నిండి ఉంటుంది. పుట్టిన వెంటనే తీసుకునే ఊపిరులతో ఆ ద్రవం శరీరంలోకి ఇంకిపోయి గాలి చోటు చేసుకుంటుంది కాబట్టి తొలి ఏడుపు కోసం ప్రసూతి గదిలో అందరూ ఎదురుచూస్తారు. బహుశా ఈ నమ్మకం అక్కడే పుట్టి ఉంటుంది. ఆ పని పుట్టిన తొలి గంటల్లోనే పూర్తవుతుంది. తర్వాత ఊపిరితిత్తుల్లోని గాలి గదులు బిడ్డ ఎదుగుదలతో పాటు పెరుగుతాయే తప్ప ఏడుపుతో కాదు. ఊపిరితిత్తులు అందరికంటే బలహీనంగా ఉండేది నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు. వాళ్ల విషయంలో వైద్యులు ఏం చేస్తున్నారో చూస్తే చాలు. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, బరువు తక్కువగా పుట్టిన బిడ్డను వెంటనే తల్లి గుండెలకు చర్మం ఆనేలా హత్తుకుని ఉంచినప్పుడు, మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ పద్ధతినే సిఫారసు చేసింది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మూడో మాట: బిడ్డ కావాలనే నాటకమాడుతుందన్నది. దీనికి రుజువుగా చూపే దృశ్యం ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను తండ్రి భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తాడు. నాలుగడుగులు వేసేసరికి బిగుసుకున్న పిడికిళ్లు సడలుతాయి, కాళ్లు తన్నడం ఆగుతుంది, తల భుజం మీదికి వాలుతుంది. హమ్మయ్య అనుకుని ఆయన కుర్చీలో కూర్చోగానే ఏడుపు మళ్లీ లంకించుకుంటుంది. పక్కింటివాళ్లు అది చూసి, ఇంత లేదు గాని ఎంత తెలివో చూడండి, కూర్చున్నారని ఎలా కనిపెట్టిందో అంటారు. ఆ దృశ్యం నిజమే, దానికి చెప్పే కారణం మాత్రం నిజం కాదు. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ఆరు నెలల లోపు పిల్లలను తల్లి ఎత్తుకుని కూర్చున్నప్పుడూ, ఎత్తుకుని నడిచినప్పుడూ గుండె వేగం కొలిచి 2013లో ఫలితాలు ప్రకటించారు. నడక మొదలైన కొద్ది క్షణాల్లోనే గుండె వేగం తగ్గింది, కదలికలు తగ్గాయి, ఏడుపు తగ్గింది. తల్లి నోట కరిచి తీసుకుపోయే ఎలుక పిల్లల్లో కూడా ఇదే స్పందన కనిపించింది. ఇది శరీరం తనంతట తాను చేసే పని. తల్లితో పాటు కదిలేటప్పుడు నిశ్చలంగా ఉండే పిల్ల బతికి బయటపడే అవకాశం ఎక్కువ కాబట్టి క్షీరదాల్లో అది స్థిరపడి ఉంటుందని ఆ పరిశోధకులు వివరించారు. ఎలుక పిల్ల నాటకమాడదు కదా.

ఒకరి మనసులో ఏముందో ఊహించి, దాన్ని మార్చడానికి పథకం వేయాలంటే ముందు ఎదుటి మనిషికి వేరే మనసుందని తెలియాలి. ఒక వస్తువునూ మనిషి ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూ, ఇది నాకు కావాలి అన్నట్టు సైగ చేయడం చాలామంది పిల్లల్లో సుమారు తొమ్మిది నెలల ప్రాంతంలో మొదలవుతుంది. ఆరు వారాల బిడ్డకు ఆ శక్తి లేదు; ఆకలో, తడో, కడుపులో గాలో, ఒంటరిగా ఉన్నానన్న బెదురో, ఏదైనా చెప్పుకోవడానికి దానికి ఉన్నది ఆ ఒక్క గొంతు. తమ బిడ్డ తమతో ఆడుకుంటోందని నమ్మిన తల్లిదండ్రులు క్రమంగా ఆ ఏడుపును ఒక సవాలుగా వినడం మొదలుపెడతారు. సాయం కోరే పిలుపుగా వినాల్సిన దాన్ని పోటీగా వినడం, ఆ ఇంట్లో అందరి సహనాన్నీ హరిస్తుంది.

ఒక్క వారం వదిలేస్తే సరిపోతుంది, మా పిల్లలకు అలాగే సరిపోయింది అన్న నాలుగో మాట అనుభవం నుంచి వచ్చింది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ అనుభవం నిజమైనదే, కానీ దానికి వేరే వివరణ ఉంది. పసిపిల్లల ఏడుపుకు ఒక క్రమం ఉందని అమెరికా వైద్యుడు టి. బెరీ బ్రేజెల్టన్ 1962లోనే గమనించాడు. పుట్టిన రెండు వారాల నుంచి అది పెరుగుతూ పోయి, సుమారు ఆరో వారంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగట్టినప్పుడు, ఆరు వారాల దాకా రోజుకు సగటున సుమారు రెండు గంటలు ఉన్న ఏడుపు పన్నెండో వారానికి గంటా పది నిమిషాల దరిదాపులకు దిగింది. తల్లిదండ్రులు ఇక మావల్ల కాదని పొరుగువారి సలహాకు ఒప్పుకునేది ఎప్పుడు? సరిగ్గా ఏడుపు శిఖరాన ఉన్నప్పుడే. ఆ తర్వాత వారం రోజులు ఏమి చేసినా, మందు వేసినా, గది మార్చినా, ఎత్తుకున్నా, వదిలేసినా, చాలామంది పిల్లల్లో ఏడుపు తగ్గుతుంది. కాలం చేసిన పనికి పేరు మాత్రం ఆ వారంలో పాటించిన సలహాకు దక్కుతుంది.

నిద్ర సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే సందేశంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఏడెనిమిది నెలల వయసులో నిద్ర సమస్యలున్న పిల్లలకు క్రమపద్ధతిలో, కొంచెం కొంచెంగా విడిచి నిద్ర నేర్పించే విధానాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో అలా నేర్పిన పిల్లలను ఆరేళ్ల వయసులో తిరిగి పరీక్షించి 2012లో ప్రచురించిన ఫలితాల్లో, వారి మానసిక ఆరోగ్యంలోగానీ తల్లిదండ్రులతో అనుబంధంలోగానీ హాని ఏదీ కనిపించలేదు. ఆ దారి ఎంచుకున్న తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ఆధారాన్ని తెచ్చి నెల బిడ్డకు అంటగట్టడం కుదరదు. నెల బిడ్డకు రాత్రి పగలు తేడా ఇంకా ఏర్పడదు, 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు కావాలి. పెదాలు చప్పరించడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తల పక్కకు తిప్పి వెతకడం ముందుగా వచ్చే ఆకలి గుర్తులు. ఏడుపు వాటన్నిటి తర్వాత వచ్చేది. ఆ ఏడుపు విన్నాక కూడా ఎత్తుకోకుండా వదిలేయమంటే, ఆకలిగొన్న బిడ్డను అలసిపోయి సొమ్మసిల్లేదాకా ఉంచమన్నట్టే. అలా పడుకున్న బిడ్డ నిద్రపోవడం నేర్చుకుందనడం సరికాదు.

అలాగని ప్రతి ఏడుపుకూ ఆ క్షణంలోనే పరుగెత్తని తల్లి చెడ్డది కాదు. స్నానాల గదిలో ఉండి రెండు నిమిషాలు ఆలస్యమైతే బిడ్డకు ఏమీ కాదు. గంటల తరబడి సముదాయించినా ఊరుకోని బిడ్డను చూసి ఒళ్లు మండే స్థితి వస్తే, ఆ బిడ్డను చదునైన పరుపు మీద, దిండ్లూ దుప్పట్లూ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి ఐదు పది నిమిషాలు పక్క గదిలో కూర్చోవడం సరైన పని. కోపంలో బిడ్డను పట్టుకుని కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు. అలాంటి గాయాలు ఎక్కువగా జరిగేది కూడా ఏడుపు శిఖరాన ఉండే ఆ వారాల్లో, ఆ వెంటనే వచ్చే వారాల్లో. బిడ్డను ఎత్తుకున్న పెద్దమనిషి సోఫాలో కునుకు తీయడం కూడా ప్రమాదమే, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. గోడ అవతల నుంచి రాత్రంతా ఏడుపు వినబడిందని పొద్దున్నే అడిగే పొరుగువారు, సలహా చెప్పే ఆ పది నిమిషాలకు బదులు ఒక గంట బిడ్డను భుజాన వేసుకుని నడిస్తే, ఆ తల్లి పడుకుంటుంది. ఆ ఇంటికి అప్పుడు కావలసింది అదే.

చివరిగా, మధ్యలో ఎత్తుకుంటే అంతా మొదటికొస్తుంది కాబట్టి ఏం జరిగినా తలుపు తీయవద్దన్న షరతు. మొత్తం సందేశంలో తక్షణం చెరిపేయాల్సిన వాక్యం ఇదే, ఎందుకంటే ఆ ఏడుపు ఏ రకమైనదో వెళ్లి చూడకుండా తెలియదు. ప్రసవం తర్వాత కొన్ని నెలలకు తల్లి జుట్టు విపరీతంగా రాలుతుంది. ఒక్కోసారి ఒక్క వెంట్రుక మేజోడులోకి చేరి బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుస్తుంది, వేలు వాచి ఎర్రబడి ఆ తర్వాత నల్లబడుతుంది, సమయానికి తీయకపోతే వేలే పోవచ్చు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. మేజోళ్లు విప్పి వేళ్లన్నీ విడదీసి చూస్తేనే దొరుకుతుంది. గజ్జల్లో గట్టి గడ్డలా పొంగిన హెర్నియా గాని, చెవిలో నొప్పి గాని అలాగే గుక్కతిప్పుకోని ఏడుపుతో మొదలుకావచ్చు. ఎప్పుడూ లేనంత కీచుగా ఏడవడం, పాలు ముట్టకపోవడం, పచ్చటి వాంతి, ఒళ్లు వేలాడేసినట్టు ఉండటం, పిలిచినా సరిగా కదలకపోవడం ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు. మూడు నెలల లోపు బిడ్డకు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే, బిడ్డ చూడటానికి బాగానే ఉన్నా, తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే డాక్టరుకు చూపించాలి.