కొన తుంచడం అన్ని పాదులకూ ఒకటి కాదు
తీగజాతి కూరగాయలన్నింటికీ కొనలు తుంచితే కాపు పెరుగుతుందని ఇటీవల చదివిన ఒక వ్యాసంలో చెప్పిన మాట సొరపాదు విషయంలో చాలామేరకు నిజమే కానీ, దానిని అన్ని పాదులకూ ఒకే సూత్రంగా వర్తింపజేయడాన్ని నేను అంగీకరించలేను. సొరలో ప్రధాన కాండం మీద ఎక్కువగా మగపూలే వస్తాయి. ఆడపూలు పక్కకొమ్మల మీద అధికంగా పూస్తాయి కనుక, తీగ పందిరిని అందుకున్నాక కొన తుంచితే పక్కకొమ్మలు త్వరగా సాగి, పిందెలు ముందుగా కనిపిస్తాయి. కీరదోస సంగతి వేరు. దాదాపు అన్నీ ఆడపూలే పూసే హైబ్రిడ్ రకాల్లో ప్రధాన కాండం కణుపుల వద్దనే పిందెలు పడతాయి కాబట్టి, అక్కడ కొన తుంచడమంటే రాబోయే కాయలను మనమే పోగొట్టుకోవడం. వాటికి అడుగున వచ్చే పక్కకొమ్మలను మాత్రం తీసివేసి, కాండాన్ని తాడు వెంట పైకి పాకించడం మేలు. మా కాకరపాదు గుబురుగా ఉందని ఆకులు బాగా పలచబరచినప్పుడు, ఎండ నేరుగా తగిలి కాయలు పాలిపోయాయి, పెరుగుదల కూడా మందగించింది. కాయకు ఆహారం తయారుచేసేది ఆకే కదా. పిందెలు పసుపుబారి రాలిపోవడానికి కూడా ఆ వ్యాసంలో కత్తిరింపునే మందుగా సూచించారు గానీ, దానికి తరచు కారణం పరాగ సంపర్కం (మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరడం) జరగకపోవడమే. అలాంటప్పుడు కత్తెరకు బదులు, ఉదయాన్నే విచ్చిన మగపువ్వును (సొరకైతే సాయంత్రం) ఆడపువ్వు కీలాగ్రానికి (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే భాగానికి) మెల్లగా రాస్తే సరిపోతుంది.