సవరణ: సొంతంగా చేసిన వేపరైజర్, కంపెనీ వేపరైజర్

"కంపెనీ వేపరైజర్ అయితే భయం లేదు, ఇంట్లో చేసుకున్నదే ప్రమాదం" అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యం తీసేశాను. (వేపరైజర్ అంటే ఈ-సిగరెట్ లాంటి పరికరం, లోపలి ద్రవాన్ని వేడి చేస్తే వచ్చే ఆవిరిని పీలుస్తారు; అలా పీల్చడమే వేపింగ్.) రెండో సగం నిజమే: వేడి అదుపులో ఉండదు, టంకంలో సీసం ఉండొచ్చు, పీవీసీ గొట్టం బాగా కాగితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అదంతా నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కానీ పరికరం ఎంత మంచిదైనా లోపల పోసిన ద్రవం సంగతి వేరు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బే చూడండి, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. చాలా కేసుల్లో వాడింది అనధికారికంగా కొన్న టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ద్రవం నింపిన కార్ట్రిడ్జ్‌లు, వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కీ జబ్బుకీ గట్టి సంబంధం కనబడింది. మింగితే మామూలుగా హాని చేయని పదార్థమే అది! వాడేవాళ్లకి ఆయాసం, ఛాతీ నొప్పి మొదలైతే వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏం పీల్చారో దాచకుండా చెప్పండి.