సంతకమే శాసనం

శాసనసభ్యుడంటే శాసనాలు చేసేవాడని రాజనీతి శాస్త్రం పాఠ్యపుస్తకాలు నిర్వచించి, కొన్ని తరాల డిగ్రీ విద్యార్థులను నిష్కారణంగా తప్పుదోవ పట్టించాయి. ఆ పుస్తకాలు రాసిన ఆచార్యులు ఒక్క సోమవారం ఉదయం ఆరున్నరకు, ఏదైనా నియోజకవర్గ కేంద్రంలో ఎమ్మెల్యేగారి ఇంటి వరండాలో గంటసేపు కూర్చుని ఉంటే, ప్రజాస్వామ్యానికి ఆధారం చట్టమూ కాదు, చర్చా కాదు, పీఏగారి చంకలో ఉండే లెటర్ ప్యాడ్ అని వారికి అప్పుడే బోధపడి ఉండేది. నేను ఆ వరండాలో నాలుగుసార్లు కూర్చున్నాను. మా ఊరి రైల్వే గేటు మీద వంతెన కావాలన్న వినతిపత్రం పట్టుకుని వెళ్లాను. దాని గతి ఏమైందో తరువాత మనవి చేస్తాను. ముందు అక్కడ నేర్చుకున్న రాజ్యాంగ సూత్రాలను నలుగురికీ చెప్పడం పౌరుడిగా నా ధర్మం.

ప్రజాసమస్యలు స్థానికమనీ జాతీయమనీ రెండు రకాలని పత్రికలు రాస్తాయి. వరండాలో అటువంటి విభజన లేదు. మురుగు కాలువ గురించి వచ్చినవారూ, పింఛను ఆగిపోయిందని వచ్చినవారూ, కొడుకు బదిలీ కోసం వచ్చినవారూ తమ తమ సమస్యలు విన్నవించుకున్న తరువాత, లేచి నిలబడి, గొంతు తగ్గించి, 'సార్, వచ్చే వారం తిరుపతికి ఒక లెటరు' అని ముగిస్తారు. కాలువ సంగతికి సార్ తల ఊపుతారు. లెటరు సంగతికి మాత్రం పీఏగారు పెన్ను తీస్తారు. తల ఊపడానికీ పెన్ను తీయడానికీ మధ్యనున్న ఈ దూరాన్ని కొలిచినవాడికే మన పరిపాలన అర్థమవుతుంది.

తిరుమలలో బ్రేక్ దర్శనం టికెట్టు ధర 500 రూపాయలు. ఆ అయిదు వందలు ఈ రోజుల్లో ఎవరి దగ్గరైనా ఉంటాయి. దానికి కావలసిన ఎమ్మెల్యేగారి సిఫారసు లేఖ మాత్రం ఓటు వేసినవారికీ, వేశామని నమ్మించగలిగినవారికీ మాత్రమే దక్కుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన పెద్దలు చెప్పిన సామెతలో పూజారిని అనవసరంగా ఆడిపోసుకున్నారని నా అభిప్రాయం. పూజారి దాకా వెళ్లాలన్నా, ముందు ఆధార్ నకళ్లు జతచేసిన లేఖ కావాలి. లేఖ లేని సామాన్యుడు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తరువాత కంపార్టుమెంటు దాటుతూ, స్వామికీ తనకూ మధ్య ఉన్నది మాయ కాదు, మాజీ సర్పంచిగారి బావమరిది కుటుంబమని గ్రహిస్తాడు.

ఈ లేఖ జాతీయ ప్రాధాన్యం గురించి ఎవరికైనా సందేహముంటే, మన రెండు రాష్ట్రాల చరిత్రను పరికించవచ్చు. 2014లో విడిపోయిన నాటి నుంచి కృష్ణా జలాల వాటా తేలలేదు. 2004లో ఏర్పాటైన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ ముందు ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల పంపకం అధికారుల సమావేశాలలో టీ తాగుతూ కాలం గడిపింది. అయితే తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలను కొండ మీద గౌరవించడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం ముఖ్యమంత్రుల స్థాయిలోనే లేఖ నడిచి, 2025 మార్చి 24 నుంచి వ్యవహారం పరిష్కారమయింది. సోమ, మంగళవారాలలో బ్రేక్ దర్శనానికి, బుధ, గురువారాలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి, లేఖకు ఆరుగురికి మించకుండా అనుమతించారు. ఒక్క నీటి చుక్క కోసం దశాబ్దాలు పట్టే దేశంలో ఇంత సూక్ష్మంగా, వారాలతో సహా, తలల లెక్కతో సహా కుదిరిన అంతర్రాష్ట్ర ఒప్పందం మరొకటి ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కృష్ణా నీటిని కూడా లెటర్ ప్యాడ్ మీద అడిగి ఉంటే ఈపాటికి వచ్చేదేమో.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చినప్పుడు ఈ లేఖలు చెల్లవు. కోడ్ కూసిందంటే ప్రభుత్వ పథకాలు ఆగిపోతాయని జనం అంతగా బాధపడరు, ఎందుకంటే ఆగినదానికీ నడిచినదానికీ తేడా కనిపెట్టడం కష్టం. లేఖ చెల్లదన్న రోజునే, ప్రజాస్వామ్యం తాత్కాలికంగా నిలిచిపోయిందని వారికి నిజంగా తెలుస్తుంది.

ఇదంతా ఈనాటి పతనమని వాపోయే పెద్దలున్నారు. వారికి జ్ఞాపకశక్తి తక్కువ. ఇంటికి టెలిఫోను రావడానికి ఏళ్లు పట్టిన కాలంలో, గ్యాస్ కనెక్షన్ కోసం పేరు నమోదు చేసుకుని మరిచిపోయే కాలంలో, పార్లమెంటు సభ్యుని కోటా అనే కల్పవృక్షం ఉండేది. ఆ ఫోను మోగినన్నాళ్లూ ఆ ఇంట్లో ఓటు గల్లంతు కాలేదు. సరళీకరణ వచ్చి ఫోనునూ గ్యాసునూ అందరికీ అందుబాటులోకి తెచ్చి, ప్రజాప్రతినిధులకు చేసిన అన్యాయం గురించి ఆర్థికవేత్తలు ఒక్క వ్యాసమైనా రాయలేదు. మిగిలిన కేంద్రీయ విద్యాలయాల కోటా కూడా తరువాత పోయింది. ఎంపీకి ఏటా పది సీట్లు సిఫారసు చేసే హక్కు ఉండేది. పది సీట్లకు వందలమంది తల్లిదండ్రులు వస్తే ముఖం చాటేయలేక సభ్యులు విసిగిపోయి, 2022 మార్చిలో లోక్‌సభలోనే, పార్టీల భేదం లేకుండా, కోటా పెంచండి లేదా రద్దు చేయండి అని మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం రెండు కోరికలలో తేలికైనదాన్ని ఏప్రిల్‌లో తీర్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. లేఖలు రాయడం తప్ప సభ్యునికి స్వంతంగా చేయగలిగిన పని ఏదైనా మిగిలిందా అని నేను నిష్పాక్షికంగా వెతికి చూశాను. ఓటు ఉంది కదా అంటారు. 1985లో యాభై రెండవ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదవ షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్‌కు, అంటే పార్టీ ఆదేశానికి, విరుద్ధంగా సభలో ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. విప్ అనే ఆంగ్లపదానికి కొరడా అని అర్థమట. మన అనువాదకులు మర్యాదకొద్దీ దాన్ని అనువదించకుండా వదిలేశారు. కొరడాకు తలవంచిన సభ్యుడు సభలో చేయి ఎత్తితే, అది చేయి కాదు, పార్టీ కార్యాలయం చేతి పొడిగింపు. అయితే చట్టం మరీ నిర్దయగా లేదు. ఓటు మార్చితే వెంటనే ముప్పు వస్తుంది గాని, కండువా మార్చితే ఫిర్యాదు స్పీకరుగారి కార్యాలయంలో ఆవకాయలాగా తీరికగా ఊరుతుంది. పది మంది తెలంగాణ శాసనసభ్యుల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. మెడలో కండువా విషయంలో ఉన్న ఈ స్వేచ్ఛ చేతిలో ఓటుకు ఎందుకు లేదో రాజ్యాంగ పండితులు వివరించగలరు. నాకు అంత చదువు లేదు.

పోనీ, స్వంతంగా ఒక బిల్లు ప్రతిపాదించవచ్చు. మంత్రి కాని ప్రతి సభ్యునికీ ఆ హక్కు ఉంది, అందుకు శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు కేటాయించారు కూడా. శుక్రవారం మధ్యాహ్నం అంటే ఢిల్లీ నుంచి నియోజకవర్గానికి విమానాలు బయలుదేరే సమయమన్నది కేవలం యాదృచ్ఛికం. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టాలైన బిల్లులు పద్నాలుగు. చివరిది 1970లో అయింది. అప్పటి నుంచి ఒక్కటీ లేదు. ఆ సంవత్సరం పుట్టినవారు ఇప్పుడు ఆధార్ కార్డు నకలు పట్టుకుని, వయోవృద్ధుల దర్శనానికి ఎన్నేళ్లు నిండాలని అడుగుతున్నారు.

ప్రశ్న వేయవచ్చు. ఉదయం పదకొండు గంటల ప్రశ్నోత్తరాల సమయానికి లోక్‌సభలో రోజుకు ఇరవై ప్రశ్నలను నక్షత్రం గుర్తుతో లాటరీ తీసి ఎంపిక చేస్తారు. లాటరీలో పేరు వచ్చిన సభ్యుడు లేచేసరికి వెల్‌లో నినాదాలు మొదలవుతాయి, సభ పన్నెండింటికి వాయిదా పడుతుంది. ప్రశ్నకు విలువ లేదని దీన్నిబట్టి తొందరపడి అనుకోకూడదు. దానికి బయట చక్కని ధర ఉందని 2005లో ఒక రహస్య కెమెరా నిరూపించగా, డబ్బు తీసుకుని ప్రశ్నలడిగిన పదకొండు మంది ఎంపీలను ఆ డిసెంబరులో ఉభయసభలూ బహిష్కరించాయి. ప్రశ్న అడగడానికి లంచం ఇచ్చేవారున్నారు గాని జవాబు రాబట్టడానికి ఇచ్చేవారెవరూ లేకపోవడం ఆ వ్యవహారంలో నన్ను అన్నిటికంటె బాధించిన అంశం.

జవాబుల సంగతికి వస్తే, తెలుగువాళ్లకు ప్రత్యేకమైన అనుభవం ఉంది. 2014 విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం, ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోన్ సాధ్యాసాధ్యాలను విభజన అమలైన నియమిత దినం నుంచి ఆరు నెలల్లోగా 'పరిశీలించాలి' అని రాశారు. చట్టం ప్రకారం ఇవ్వవలసినది కర్మాగారం కాదు, పరిశీలన. ఆ సూక్ష్మం పట్టించుకోకుండా మన సభ్యులు పదేళ్లుగా కర్మాగారం ఎక్కడని అడిగారు, మంత్రులు పదేళ్లుగా పరిశీలనలో ఉందని చెప్పారు. ఇద్దరూ చట్టానికి కట్టుబడే ఉన్నారు. రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, దాని ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో విశాఖపట్నంలో శంకుస్థాపన చేశారు. ఆరు నెలలంటే ఎన్ని నెలలో లెక్కించడానికి గణితం సరిపోదు, పంచాంగం కావాలి. ఈ చట్టాన్ని సభ ముందు పెట్టిన రోజున, 2014 ఫిబ్రవరి 13న, లోక్‌సభలో ఒక తెలుగు సభ్యుడు పెప్పర్ స్ప్రే చల్లిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తోటి సభ్యులందరి కళ్లలోనూ ఏకకాలంలో నీళ్లు తెప్పించిన రాష్ట్ర సమస్య అదొక్కటే.

కాబట్టి ఓటు పార్టీది, బిల్లు ప్రభుత్వానిది, ప్రశ్న లాటరీది. అన్నీ పోగా, ఎవరి అనుమతీ అక్కరలేకుండా సభ్యుడు తన స్వంత బుద్ధితో, స్వంత చేత్తో చేయగలిగినది సంతకమే. ఆ సంతకానికి కేంద్రం ఏటా అయిదు కోట్ల రూపాయల విలువ కట్టింది. పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరులో వచ్చిన ఎంపీల స్థానికాభివృద్ధి పథకం, మొదట అయిదు లక్షలతో మొదలై, 2011-12 నుంచి అయిదు కోట్లకు చేరింది. అందులోనూ ఎంపీ డబ్బు ముట్టుకోడు. పని సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. చూశారా, ఇదీ లేఖే. మన రెండు రాష్ట్రాలలోనూ ఒక లోక్‌సభ స్థానానికి సగటున ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు గనుక, ఒక్కొక్కదానికి ఏడాదికి డెబ్బయి లక్షల పైచిలుకు వస్తుంది. దానితో సిమెంటు రోడ్డు కొంత, బస్సు షెల్టరు కొంత, ఎంపీగారి పేరుతో శిలాఫలకం పూర్తిగా నిర్మించవచ్చు. ఫలకం ఉండి తీరాలని పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. చాళుక్యుల కాలంలోనూ రాతి మీద చెక్కినదాన్నే శాసనం అన్నారు కాబట్టి, శాసనకర్త అన్న బిరుదు ఈ విధంగానైనా సార్థకమవుతున్నదని గమనించాలి. మా ఊళ్లో ఒక బస్సు షెల్టరు కూలిపోయి ఆరేళ్లయింది, ఫలకం చెక్కుచెదరలేదు. ప్రయాణికులు దాని నీడలోనే వంతులవారీగా నిలబడుతున్నారు.

ఇప్పుడు మా రైల్వే గేటు. రోజుకు గేటు దాటే రైళ్ల సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె లక్ష దాటితే, రైల్వే సగం, రాష్ట్రం సగం భరించి వంతెన కట్టే పద్ధతి ఉందని తెలుసుకుని, మేము నలుగురం గేటు పక్కన టీ దుకాణంలో కూర్చుని వారం రోజులు లెక్కపెట్టాము. లక్ష దాటింది. ఎమ్మెల్యేగారి దగ్గరకు వెళితే రైల్వే కేంద్రం పరిధిలోనిది, ఎంపీగారిని కలవమన్నారు. ఎంపీగారి కార్యాలయంలో, రాష్ట్రం తన సగం వాటా ఇస్తామని ముందు రాయాలి, ఎమ్మెల్యేగారిని కలవమన్నారు. సమస్య ఏకకాలంలో స్థానికమూ జాతీయమూ కావడం వల్ల అది ఎవరిదీ కాకుండా పోయింది. గేటు కూడా సరిగ్గా రెండు ఊళ్ల మధ్యనే ఉంది.

నాలుగోసారి వరండాలో నా వంతు వచ్చినప్పుడు, నేను నోరు తెరవకముందే పీఏగారు ప్యాడ్ తిప్పి, 'ఎంతమంది?' అన్నారు. టీ దుకాణంలో లెక్కపెట్టిన వాహనాల అంకె చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూసి, 'ఒక లేఖకు ఆరుగురే అండీ' అన్నారు. అప్పుడు నేను ప్రజాస్వామ్యాన్ని అర్థం చేసుకున్నవాడిలాగా జేబులోంచి ఇంటిల్లిపాది ఆధార్ నకళ్లు తీసి ఇచ్చాను. అవి జేబులో ఎందుకున్నాయని పాఠకులు అడగకూడదు. వినతిపత్రం మీద 'తగు చర్య నిమిత్తం' అని ఆకుపచ్చ సిరాతో రాయించి ఇంటికి తెచ్చుకున్నాను, లేఖను కొండకు తీసుకువెళ్లాను. దర్శనం ఇరవై నిమిషాల్లో, తోపులాట లేకుండా, దివ్యంగా జరిగింది. తిరుగు ప్రయాణంలో మా ఊరి గేటు దగ్గర రెండు గూడ్సు బండ్లు, ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్లేదాకా నలభై నిమిషాలు ఆగాము. ఆ తీరికలో కారు పక్కకు వచ్చి పలకరించిన ప్రతివాడికీ తలా ఒక లడ్డూ ముక్క పెట్టాను. వారిలో ముగ్గురు లెటరు ఎవరిచ్చారని అడిగారు.