స్పాన్సర్‌ను చందా పుస్తకంలో రాస్తే…

వినాయక చవితికో శ్రీరామనవమికో వీధిలో పందిరి వేసి, మూడు రోజులు పాటకచేరీలు పెట్టే కమిటీలు మన ఊళ్లకు కొత్త కాదు. కొత్తగా వచ్చి పడింది ఖర్చే. రెండు హారన్ మైకులు, నాలుగు ట్యూబులైట్లతో గడిచిపోయిన పందిరికి ఇప్పుడు పెద్ద సౌండ్ సెట్టు, ఎల్‌ఈడీ తెర, రెండు జనరేటర్లు, బారికేడ్లు కావాలి. ఇంటింటికీ తిరిగి రాయించే చందాతో ఇదంతా తేలదు. మిగతాది బంగారం షాపు, రియల్ ఎస్టేట్ వెంచరు, కార్పొరేట్ కాలేజీ, ఆసుపత్రి ఇవ్వాల్సిందే. ఇస్తే తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ డబ్బును కూడా చందా పుస్తకంలోనే ఒక పేజీ చేసి రాసుకోవడం దగ్గరే తంటా మొదలవుతుంది.

చందా ఇచ్చినవాడికి రసీదు, కాస్త ప్రసాదం చాలు. వ్యాపారి ఇచ్చేది అలా కాదు, అతను ఏదో కొన్నాడు. ఏం కొన్నాడో కాగితం మీద లేకపోతే, కావలసినదాన్ని వేదిక మీదికొచ్చి తనే తీసుకుంటాడు.

ఒక సాయంత్రం లెక్క వేసి చూడండి. ఆరున్నరకు మొదలుపెడితే రాత్రి పదింటికి ఆపాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పది తర్వాత లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. అంటే చేతిలో ఉన్నది 210 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం 20. ఒక బృందం దిగి ఇంకో బృందం ఎక్కి మైకులు సరిచూసుకోవడానికి 20. పన్నెండు మంది స్పాన్సర్లకు శాలువా, మెమెంటో, ఫొటో, ‘రెండు మాటలు’ కలిపి మనిషికి నాలుగు నిమిషాలు వేసుకున్నా 48. మధ్యమధ్య ప్రకటనలకు 20. పాటకు మిగిలింది 102 నిమిషాలు. కోత పడేది ఎప్పుడూ చివర్లో పాడే ప్రధాన కళాకారుడికే. జనం వచ్చింది ఆయన కోసమే కదా!

దీనికి మందు కష్టమైనదేం కాదు. సన్మానాలన్నీ ఒకే విడతలో, చివరి బృందం ఎక్కే ముందు, మైకులు సర్దుతున్న ఆ 20 నిమిషాల్లోనే వేదిక అంచున కానివ్వాలి. మాట్లాడే అవకాశం ప్రధాన స్పాన్సర్ ఒక్కరికే, అదీ రెండు నిమిషాలు. ఇది డబ్బు తీసుకునే రోజునే ఒప్పంద పత్రంలో రాసుకోవాలి. కార్యక్రమం నాడు చెబితే అవమానంగా తీసుకుంటారు.

పన్నుల దగ్గర కూడా చందా, స్పాన్సర్‌షిప్ రెండు దారులు. 2019 అక్టోబరులో పరోక్ష పన్నుల బోర్డు 116వ నంబరు సర్క్యులర్‌లో ఈ తేడాను తేల్చేసింది. దాత పేరును కృతజ్ఞతగా మాత్రమే రాసి, అతని వ్యాపారానికి ప్రచారం ఏమీ లేకపోతే జీఎస్టీ ఉండదు. ‘ఫలానావారు తమ తండ్రి జ్ఞాపకార్థం సమర్పించినది’ అన్న బోర్డు విరాళం. అదే పేరు కింద షోరూమ్ చిరునామా, ‘తరుగుపై 50 శాతం తగ్గింపు’ అని రాస్తే అది ప్రకటన, పన్ను పడుతుంది. రెండు బోర్డులూ ఒకే సైజులో, ఒకే గుంజకు కట్టి ఉండొచ్చు. ఆడిటర్ చూసేది దాని మీద రాసిన అక్షరాలను.

ఆ పన్ను 18 శాతం. కట్టేది ఎవరన్న దగ్గరే కమిటీలు తికమక పడతాయి. స్పాన్సర్ కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ అయితే, రివర్స్ చార్జి కింద ఆ సంస్థే నేరుగా కట్టుకుంటుంది. 2025 జనవరి 16 నుంచి వచ్చిన మార్పు ఏమిటంటే, స్పాన్సర్‌షిప్ అమ్మేది కూడా కంపెనీయే అయితే అమ్మినవాళ్లే పన్ను వసూలు చేసి కట్టాలి. సొసైటీగానో ట్రస్టుగానో నడిచే కమిటీకి పాత పద్ధతే వర్తిస్తుంది. మెయిన్ రోడ్డులో ఒక్క మనిషి పేరు మీద నడిచే బట్టల షాపు మాత్రం ఈ రివర్స్ చార్జిలోకి రాదు. అలాంటివాళ్ల డబ్బు కూడా తీసుకునే కమిటీ టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న వీధి కమిటీలకు ఇది తగలదు. ఊరంతటికీ పెద్ద ఉత్సవం చేసేవాళ్లు ముందే ఆడిటర్ దగ్గర కూర్చోవడం మేలు.

నిజానికి పద్ధతిగా రాసిన స్పాన్సర్‌షిప్ వ్యాపారికే ఎక్కువ లాభం. విరాళం ఇస్తే దాతకు దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు (80జి) సాధారణంగా సగానికే. అదీ ఆ గుర్తింపు ఉన్న సంస్థకు, నగదైతే రూ. 2,000 లోపు ఇచ్చినప్పుడే. పూర్తిగా దైవకార్యం కోసమే ఉన్న కమిటీకి ఆ గుర్తింపే కష్టం. అదే డబ్బు ప్రచార ఖర్చుగా బిల్లు మీద వెళితే మొత్తం లెక్కలో చూపించుకోవచ్చు. చెల్లింపు మాత్రం బ్యాంకు ద్వారానే జరగాలి, ఎందుకంటే ఒకరికి ఒక రోజులో రూ. 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. ‘చందా రాయండి సార్’ అని బతిమాలేవాడి కన్నా, సంస్థ పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఒప్పంద పత్రం పట్టుకెళ్లినవాడికి పని త్వరగా అవుతుంది.

కొందరు మేనేజర్లు ‘సీఎస్‌ఆర్‌లో (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే నిధుల్లో) ఇస్తాం, స్టేజీ మీద మా బ్యానరు పెట్టండి’ అంటారు. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. తమ సరుకుకు ప్రచారం కోసం స్పాన్సర్‌షిప్ రూపంలో చేసిన ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదని 2021లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కళలు, సంస్కృతి పరిరక్షణకు సీఎస్‌ఆర్ నిధులు వాడొచ్చు, కానీ దానికి సరిపోయేది ఏడాది పొడవునా పిల్లలకు మృదంగం, నాదస్వరం నేర్పించడం లాంటి పని. మూడేళ్లుగా పనిచేస్తున్న, సీఎస్‌ఆర్-1 నమోదు ఉన్న సంస్థ ద్వారా అది చేయించుకోవాలి.

ఇక అసలు అమ్మాల్సింది ఏమిటి? గోల్డ్, సిల్వర్, ప్లాటినమ్ అని మూడు గీతలు గీసి బ్యానరు సైజులు రాయడం అలవాటైపోయింది. దాని బదులు ఖర్చు పద్దులనే అమ్మకానికి పెట్టాలి. మూడు సాయంత్రాల ఉత్సవానికి ఆరు లక్షల బడ్జెట్ అనుకుందాం. సౌండు, లైట్లు 1.6 లక్షలు, వేదిక, షామియానా, కుర్చీలు 90 వేలు, జనరేటర్లు, డీజిల్ 50 వేలు, కళాకారుల పారితోషికం 2 లక్షలు, వాళ్ల ప్రయాణం, బస 50 వేలు, మంచినీళ్లు, మొబైల్ టాయిలెట్లు, పారిశుధ్యం 30 వేలు, అనుమతులు, బీమా, చిల్లర 20 వేలు. ‘ఈ మూడు రోజుల మంచినీళ్లు, టాయిలెట్లు ఫలానా ఆసుపత్రి సౌజన్యం’ అంటే వచ్చినవాడు ఆ పేరు చూస్తాడు, ఉక్కపోతలో గ్లాసుడు నీళ్లు తాగి గుర్తు కూడా పెట్టుకుంటాడు. బస ఇచ్చే హోటలు నుంచి డబ్బు అడగనక్కర్లేదు, ఆరు గదులు చాలు. వస్తు రూపంలో ఇచ్చేవాటికి మాత్రం కమిటీ తనే ధర కట్టాలి. ‘మేం ఇచ్చే పది వేల నీళ్ల ప్యాకెట్లు లక్ష రూపాయలు’ అనే లెక్కకు తలూపితే ప్రధాన స్పాన్సర్ హోదా అగ్గువకు పోయినట్టే.

ఆ పద్దుల్లో ఒక్కటి మాత్రం అమ్మకూడదు, పారితోషికం. పాటగాడికి డబ్బిచ్చినవాడే పాటగాణ్ని ఎంచుకుంటాడు. మరుసటి ఏడు త్యాగరాజ కీర్తనలు పోయి, షోరూమ్ ఓనరు బావమరిది ఆర్కెస్ట్రా వస్తుంది. ఆ రెండు లక్షలు చందాలు, విరాళాల నుంచే రావాలి. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో కళాకారులు పారితోషికం లేకుండా పాడతారు కదా అనేవాళ్లుంటారు. అక్కడ పాడటమే ఒక నివాళి. మన వీధికొచ్చే డోలు విద్వాంసుడు ఆ రాత్రి సంపాదన మీద బతికేవాడు. బెంగళూరు చామరాజపేటలో 1939లో మొదలైన రామసేవా మండలి శ్రీరామనవమి కచేరీల పందిరి ఇన్నేళ్లు నిలిచింది కూడా వాయిద్యగాళ్ల ఉచిత సేవతో కాదు, టికెట్లు, దాతలు, సంస్థలు అన్నీ కలిసి మోసినందువల్ల. ఏ ఒక్క స్పాన్సర్ వాటా మొత్తంలో మూడో వంతు దాటకుండా చూసుకుంటే, ఒకరు మొహం చాటేసినా ఉత్సవం ఆగదు.

సరుకు ఏమిటో తేలాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఉంటుంది. పన్నెండడుగుల వెడల్పు ఎల్‌ఈడీ తెరను గాయకుడి వెనకే కట్టి, తెల్లటి నేపథ్యమున్న ప్రకటన వేస్తే గాయకుడు నల్లటి నీడ అయిపోతాడు, వీడియో దేనికీ పనికిరాదు. తెరనూ సౌండునూ ఒకే జనరేటర్‌కు కలిపితే వయొలిన్ పికప్‌లో సన్నటి గుర్రు మొదలవుతుంది. ప్రకటనల లాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్నును నేరుగా మిక్సర్‌లో గుచ్చినా అదే గోల, మధ్యలో ఆ గుర్రును అడ్డుకునే చిన్న పెట్టె, డీఐ బాక్సు, ఉండాలి. తంబుర శ్రుతి మీద ఉన్న చెవులకు, గరిష్ఠ స్థాయిలో రికార్డు చేసిన నగల ప్రకటన హఠాత్తుగా వినిపిస్తే ముసలివాళ్లు లేచి వెళ్లిపోతారు. తెర పక్కన ఉండాలి, వెలుతురు బాగా తగ్గించాలి, పాట నడుస్తున్నంతసేపు కదలని బొమ్మే, చప్పుడు లేకుండా. ప్రకటనలు బృందాలు మారేటప్పుడే. 62.5 కేవీఏ జనరేటర్ సగం లోడు మీద గంటకు ఏడెనిమిది లీటర్ల డీజిల్ తాగుతుంది. తెర కోసం విడిగా చిన్నది పెట్టిస్తే దాని డీజిల్ తెర స్పాన్సర్ లెక్కలోనే రాయించాలి. వీధి మొదట్లో కట్టే ఆర్చి కింద నుంచి ఫైరింజను పోవాలన్నది ఎవరూ గుర్తుచేయరు, పోలీసు వచ్చి పీకేయించేదాకా.

ఎవరి డబ్బు వద్దనాలన్నది కూడా ముందే రాసుకోవాలి. పొగాకు స్పాన్సర్‌షిప్‌ను 2003 చట్టమే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలకు 2025 చట్టం తలుపు మూసింది. రియల్ ఎస్టేట్ వెంచరు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే తప్పు. ‘ప్రీలాంచ్’ పేరిట ప్లాట్లు అమ్మేవాడి బ్యానరు మీ వేదిక మీద చూసి కొన్న ఇరుగుపొరుగువాళ్లు రేపు నిలదీసేది మిమ్మల్నే. ఎన్నికల ఏడాదిలో స్పాన్సర్ ఫ్లెక్సీ మీద ఓ నాయకుడి ఫొటో కూడా ఎక్కుతుంది, దాన్ని డిజైను దశలోనే తీసేయించాలి.

సినిమా పాటల ఆర్కెస్ట్రా పెడితే ఇంకో చిక్కు. మతపరమైన వేడుకలో భాగంగా జరిగే ప్రదర్శనకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. కానీ అడుగడుగునా కంపెనీ పేరు పెట్టి ‘మ్యూజికల్ నైట్’ అని ప్రచారం చేశాక పూజలో భాగమని వాదించడం కష్టం. పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రుసుము వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థ లైసెన్సు ఖర్చును ఆ రాత్రి స్పాన్సర్ పద్దులో కలపడమే సుఖం. అన్నమయ్య సాహిత్యానికి హక్కులు లేవు గానీ, ఈ కాలంలో కట్టిన బాణీకి ఉంటాయి.

చెల్లింపులు: సంతకం నాడు సగం, కార్యక్రమానికి పది రోజుల ముందు 40 శాతం, మిగతా పది శాతం ఫొటోలు, ఖర్చుల లెక్క అందిన వారం లోపు. కంపెనీలు ప్రకటన కాంట్రాక్టు కింద 2 శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తాయి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. బడ్జెట్‌లో రాసుకునేది చేతికొచ్చే మొత్తాన్నే.

చివరిగా వాన. చవితి వర్షాకాలంలో వస్తుంది, నవమి నాటికి సాయంత్రపు గాలివానలు మొదలవుతాయి. కార్యక్రమం రద్దయితే స్పాన్సర్ మిగతా డబ్బు ఆపేస్తాడు. సౌండువాడికి, కళాకారులకు మాత్రం ఇవ్వాల్సిందే. ఒప్పందంలో మూడు సంగతులు రాయండి: వాన పడితే కార్యక్రమం మారే కల్యాణమండపం పేరు, అక్కడికి మారినా స్పాన్సర్ వాటా తగ్గదని, ఒక సాయంత్రం పూర్తిగా పోతే ఆ రోజు పేరు మీదున్న మొత్తంలో అప్పటికే ఖర్చయింది పోగా మిగిలిందే తిరిగి ఇస్తామని. ఆ మండపానికి అడ్వాన్సు కట్టిన రసీదు ఒప్పంద పత్రానికి జతచేయండి.