గీతలు నిండుగా.. నెట్ మాత్రం రాదు!

విజయనగరంలో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర ఫోన్ తీసి చూడండి. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. సిరిమాను మీదకి విసరడానికి అరటిపళ్లు కొని డబ్బులు పంపబోతే మాత్రం స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. "స్కానింగ్ అవ్వట్లేదు బాబూ, చిల్లరుంటే ఇయ్యి" అంటుంది పళ్లావిడ. *99# కొడితే నెట్ లేకుండానే యూపీఐ చెయ్యొచ్చు. కానీ వెనక నుంచి జనం తోసుకొస్తుంటే ఆ మెనూ అంకెలు నొక్కే ఓపిక ఎవరికుంటుంది?

టవర్ అందుతోందని మాత్రమే ఆ గీతలు చెబుతాయి, అక్కడ మనకు చోటుందని కాదు. ఒక టవర్‌కున్న స్పెక్ట్రమ్‌ను, అంటే రేడియో తరంగాల వాటాను, దాని పరిధిలోని ఫోన్లన్నీ పంచుకోవాలి. వేలమంది ఒకేసారి లైవ్ వీడియోలు పెడితే, చిటికెడు డేటా చాలే చెల్లింపు కూడా ఆ రద్దీలోనే ఇరుక్కుంటుంది. రథసప్తమికి అరసవల్లిలోనూ ఇదే టెన్షన్.

2016లో జియో వచ్చాక డేటా చవకైంది, ఇంకా పబ్లిక్ వైఫై ఎందుకన్నారు. 2020లో రైల్వేస్టేషన్ల వైఫై నుంచి తప్పుకుంటూ గూగుల్ చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. రైల్వే వాళ్ల టెలికాం సంస్థ రైల్‌టెల్ దాన్ని కొనసాగిస్తోంది, రోజుకు మొదటి అరగంట ఉచితం. అయితే లాగిన్‌కు ఓటీపీ రావాలి, ఓటీపీకి మళ్లీ ఆ టవరే దిక్కు!

నా మటుకు నాకు, చవక డేటా వైఫైకి ప్రత్యామ్నాయం కాదు. ఫైబర్ మీద నడిచే వైఫై టవర్ బరువును కొంతైనా దించుతుంది. జాతర మొత్తాన్ని మోస్తుందని అనను, జనం మరీ ఎక్కువైతే అదీ నత్తనడకే. తిత్లీ లాంటి తుఫానులో కరెంటే పోతే రెండూ మూగబోతాయి, అది వేరే సమస్య.

2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి ప్రకారం టీకొట్టు, కిరాణా షాపు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఇన్నాళ్లూ అడ్డుపడింది కనెక్షన్ ఖరీదు. ఇలాంటి చిన్న షాపుల నుంచి నెట్ కంపెనీలు మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ధరకు రెట్టింపు మించి వసూలు చెయ్యకూడదని 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గీత గీసింది. ఇక శ్రీకాకుళం, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుల్లోని షాపులతో మొదలుపెట్టొచ్చు. వైఫై పెట్టాలన్న షరతు అద్దె ఒప్పందంలోనే రాస్తే సరి, కొత్త పథకం పేరు కూడా వెతుక్కోనక్కర్లేదు.