వంటింటి చిమ్నీ గారికి బహిరంగ లేఖ

అయ్యా చిమ్నీ గారూ,

మా కొత్త వంటగది మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ముందే చెబుతున్నా. చప్పుడు లేకుండా మూసుకునే ఆ సొరుగులంటే నాకు ప్రాణం. పనేమీ లేకపోయినా వెళ్ళి ఒకటి లాగి, వేలితో చిన్నగా తోసి, చివర్లో అది నెమ్మదించి తనంతట తనే మూసుకుంటుంటే చూసి వస్తుంటాను. ఏం వెతుకుతున్నావని ఇంట్లోవాళ్ళు అడిగితే చెంచా అంటాను. పేచీ అంతా మీతోనే.

గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి లాగేస్తారని మీ డబ్బా మీద రాసుంది. నలుగురికి పప్పు పోపు పెట్టుకునే ఇంట్లో అంత బలం దేనికండీ? ఎండుమిర్చి ఘాటుకి హాల్లో ఒక్కరు కూడా దగ్గరు. ఇంగువ ఎప్పుడు పడిందో తెలీదు. అమ్మమ్మగారింట్లో అయితే అరుగు మీద కూర్చున్న తాతయ్య, తుమ్ము రాగానే 'చారు దింపినట్టున్నారు' అని కాళ్ళు కడుక్కోవడానికి లేచేవాడు. ఇక వెన్న కాచే రోజు సంగతి చెప్పక్కర్లేదు. చివర్లో గుప్పెడు మునగాకు పడేసరికి పిల్లలందరం పొయ్యి చుట్టూ ఉండేవాళ్ళం, గిన్నె అడుగున మిగిలే గసిలో పంచదార కలుపుకు తినడానికి. ఇప్పుడు మా పిల్లలకి నెయ్యి కాగుతోందని వాట్సాప్‌లో చెప్పాలి. కేకేస్తే మీ హోరులో వినబడి చావదు.

పొగ నుంచి కాపాడుతున్నానంటారు. ఆ గొప్ప మీది కాదు. కట్టెల పొయ్యి అమ్మమ్మ కళ్ళు పాడుచేసింది నిజమే, కానీ దాన్ని సాగనంపింది గ్యాస్ బండ. 1999లో దీపం పథకం మొదలై ఊళ్ళలోకి కనెక్షన్లు వచ్చాకే మా వైపు పెంకుల కింద మసి తగ్గింది. అప్పుడు మీరెక్కడున్నారు? పొగ పోయాక తీరిగ్గా వచ్చి వాసనల మీద పడ్డారు.

గోడలకి జిడ్డు పట్టడం లేదు, ఒప్పుకుంటాను. ఆటో క్లీన్ నొక్కితే లోపల హీటరు వేడెక్కి, మీరు మింగిన జిడ్డంతా కరిగి కింద కప్పులోకి దిగుతుంది. ఆ కప్పు ఓసారి వాసన చూశాను. వంకాయ వేపుడు, ఉలవచారు, చేపల పులుసు అన్నీ కలిసి పాత నూనె కంపు. ఇంత తిని మీరు నేర్చుకున్నది ఇదా?

ఇంకో సంగతి. మీ గొట్టం చివర పక్క ఫ్లాటు బాల్కనీ వైపుంది. మొన్న మా ఆవిడ ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే హాల్లో ఉన్న నాకు తెలియనేలేదు. పక్కింటి పిన్నిగారు మాత్రం గిన్నె పట్టుకుని వచ్చేశారు, 'నెత్తళ్ళేనా అమ్మాయ్?' అంటూ. ఆదివారం మళ్ళీ చేస్తున్నాం. మీ స్విచ్చి ఆపేస్తాను, ఏమనుకోకండి.

ఇట్లు,
తన ఇంట్లో కూరేమిటో పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకుంటున్న గృహస్థుడు