కోస్టరుకి కరెంటు పోతే ఏటవుద్ది?

కంచిలి గ్రూపులో అదే మెసేజీ, సోంపేట బంధువుల గ్రూపులో అదే, రియాద్‌లో ఉన్న మనోళ్ళ గ్రూపులో మరీను. "సౌదీ కొత్త లాంచ్ కోస్టర్: ఎక్కేముందు ఈ 8 నిజాలు చదవండి. పదిమందికీ పంపి ప్రాణాలు కాపాడండి." పంపినవాళ్ళు ఎనిమిదీ చదివినట్టు లేదు. చదివుంటే అయిదో పాయింటూ ఆరో పాయింటూ ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయని వాళ్ళకే కనపడేది.

లాంచ్ కోస్టర్ అంటే గొలుసుతో పైకి లాగకుండా ట్రైన్‌ని ఒక్కసారిగా ముందుకి విసిరే రోలర్ కోస్టర్, ఆ విసురుడే లాంచ్. మెసేజీ చూడనివాళ్ళ కోసం సారాంశం ఇదీ. ఒకటి, లాంచ్ అయస్కాంతాలు రక్తంలో ఇనుముని లాగేస్తాయి. రెండు, 250 కిలోమీటర్ల వేగంలో ఊపిరాడదు. మూడు, ఒక్క లాంచ్‌కి ఒక ఊరు రోజంతా వాడే కరెంటు పోతుంది. నాలుగు, మధ్యలో కరెంటు పోతే బ్రేకులుండవు, వేగం చాలకపోతే వెనక్కి జారి వెనక ట్రైన్‌ని గుద్దేస్తుంది. అయిదు, లాంచ్ దెబ్బకి ఎముకలు విరుగుతాయి, జపాన్‌లో విరిగాయి. ఆరు, అందుకని తల ముందుకి వంచి కూర్చోండి, ల్యాప్ బార్ (తొడల మీదికి దించే కడ్డీ) కాస్త వదులుగా పెట్టుకోండి. ఏడు, పిల్లలు ఎత్తు చాలకపోతే మందం అడుగు బూట్లు వేసి తీసుకెళ్ళండి. ఎనిమిది, కొత్తగా తెరిచిన కోస్టరుకి మొదటి నెలల్లో వెళ్ళొద్దు.

ఇదంతా రియాద్ దగ్గర ఖిద్దియాలో 2025 డిసెంబరు 31న తెరుచుకున్న సిక్స్ ఫ్లాగ్స్ పార్కులోని ఫాల్కన్స్ ఫ్లైట్ గురించి. తయారీ ఇంటామిన్ కంపెనీ. వేగం 250 (ఇక్కడ వేగాలన్నీ గంటకి కిలోమీటర్లలో), పొడవు 4 కిలోమీటర్ల పైన, లాంచ్‌లు మూడు, మూడూ లీనియర్ సింక్రనస్ మోటార్లవే, అంటే ట్రాక్ వెంట పరిచిన కాయిల్స్ అయస్కాంతాల బలంతో ట్రైన్‌ని ముందుకి తోస్తాయి.

ఒకటో పాయింటు: ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు. అదీ మేకుల్లా లేదు, హిమోగ్లోబిన్‌లో కలిసి ఉంది. ఎమ్మారై మెషీన్‌లో 1.5 టెస్లా అయస్కాంతం మధ్య అరగంట పడుకున్నవాళ్ళ రక్తం ఎక్కడికీ పోలేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ సంగతి వేరు, గేటు బోర్డు వాళ్ళని ఎక్కొద్దంటుంది. అది వినండి.

రెండో పాయింటు: అబుధాబిలో ఫార్ములా రోసా 2010 నుంచి 240 వేగంతో నడుస్తోంది. అక్కడ ఇచ్చేది కళ్ళద్దాలు, ఆక్సిజన్ సిలిండర్ కాదు. ఆ వేగంలో కంటికి ఇసుక రేణువో పురుగో తగిలితే ప్రమాదం. ముక్కుకి వచ్చిన నష్టమేం లేదు.

మూడోదానికి లెక్క కావాలి. లోడుతో 10 టన్నుల ట్రైన్ అనుకోండి. దాన్ని నిలబడ్డచోటి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే దానికి ఎక్కాల్సిన శక్తి 3.86 మెగాజౌళ్ళు. మీటరు భాషలో 1.07 యూనిట్లు. మోటారులో వేడిగా పోయేది కలిపి రెండు యూనిట్లు వేసుకోండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటో గంటన్నరో నడిస్తే అంతే కాలుతుంది. పోనీ మొత్తం 250 వేగాన్నీ మోటారే ఇచ్చిందనుకున్నా 6.7 యూనిట్లు, నష్టాలతో రెట్టింపు. ఊరంతా రోజంతా వాడేది ఇదే అయితే ఆ ఊళ్ళో ఒకే ఇల్లుండాలి.

అయితే ఈ పాయింటు రాసినాయన ఎక్కడో ఏదో విని యూనిట్లకీ కిలోవాట్లకీ ముడి పెట్టేశాడని నా అనుమానం. కావలసిన శక్తి తక్కువే, కానీ దాన్ని రెండున్నర సెకన్లలో ఇచ్చెయ్యాలి. 100 వేగం అందుకునే చివరి క్షణంలో ఆ 10 టన్నుల ట్రైన్‌కి కావలసిన పవర్ 3 మెగావాట్ల పైన. ఇనుప మిశ్రమాలు కరిగించే ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేసు కూడా మెగావాట్లే లాగుతుంది గానీ గంటల తరబడి ఒకే తీరున లాగుతుంది. దానికి తగ్గ లైను వేసి డిమాండ్ ఛార్జీ కట్టించుకుంటే గొడవ లేదు. ప్రతి రెండు నిమిషాలకీ రెండు సెకన్లు 3 మెగావాట్లు లాగి వదిలేసేవాడిని ఏ డిస్కమూ ఇష్టపడదు, చుట్టుపక్కల లైట్లు మినుకుమంటాయి. అందుకే ఓర్లాండోలో 1999లో హల్క్ కోస్టర్ కట్టినప్పుడు పెద్ద ఫ్లైవీళ్ళు (బరువైన చక్రాలు) ఉన్న మోటార్ జనరేటర్లు పెట్టారు. లాంచ్‌కీ లాంచ్‌కీ మధ్య అవి నెమ్మదిగా తిరిగి వేగం పుంజుకుంటాయి, లాంచ్ వేళ ఆ వేగాన్ని కరెంటుగా ఇచ్చేస్తాయి. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ పని కరెంటు దాచుకుని క్షణంలో వదిలేసే సూపర్ కెపాసిటర్లు చేస్తున్నాయి. కాబట్టి కోస్టరుకి ఖర్చయ్యేది బిల్లులో కాదు, సబ్‌స్టేషన్‌లో.

నాలుగోది. తిత్లీ తుపానుకి రోజుల తరబడి చీకట్లో ఉన్న ఉద్దానం ఊళ్ళకి "కరెంటు పోతే" అన్న మాట చాలు, భయపెట్టడానికి. ఆ భయాన్ని తప్పు పట్టను. కానీ జవాబు మన పాత ఇళ్ళ గోడ మీదే ఉంది. డిజిటల్ రాకముందు కరెంటు మీటరులో అంచున నల్ల గుర్తున్న అల్యూమినియం చక్రం అద్దం వెనక తిరిగేది కదా, దాని అంచుని కొమ్ముల మధ్య పట్టుకున్నట్టు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది చక్రాన్ని తాకదు. చక్రం తిరిగేకొద్దీ అల్యూమినియంలో సుడి కరెంట్లు పుట్టి, అవే దాన్ని వెనక్కి లాగుతాయి. చక్రం అడ్డూ అదుపూ లేకుండా తిరక్కుండా ఉండేది ఆ లాగుడు వల్లే. కోస్టర్ బ్రేకు కూడా అంతే. ఒకవైపు శాశ్వత అయస్కాంతాలు, ఇంకోవైపు రాగి మిశ్రమం రెక్కలు. వేగంగా వస్తే గట్టిగా పట్టుకుంటాయి. ప్లగ్గూ లేదు, స్విచ్చూ లేదు. జిల్లా మొత్తం కరెంటు పోయినా ఆగుతుంది.

దీనికో లోపం ఉంది. వేగం తగ్గేకొద్దీ పట్టూ తగ్గుతుంది, కాబట్టి అయస్కాంతం ట్రైన్‌ని నడక వేగానికి తెస్తుందే గానీ పూర్తిగా నిలబెట్టలేదు. ఆ చివరి నాలుగడుగులకీ రాపిడి బ్రేకులో, ప్లాట్‌ఫారం దగ్గర నెట్టే టైర్లో ఉంటాయి. రాపిడి బ్రేకులు మామూలుగా మూసుకునే ఉంటాయి, గాలి ఒత్తిడి వాటిని తెరిచి ఉంచుతుంది. కరెంటు పోయి కంప్రెసర్ ఆగిందంటే స్ప్రింగు వాటిని మూసేస్తుంది. అంటే కరెంటు పోతే బ్రేకు పడుతుంది. మెసేజీలో ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు.

వెనక్కి జారడం మాత్రం నిజమే. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు. ఒహాయోలో 2003లో తెరిచిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ ఎత్తు 128 మీటర్లు, లాంచ్ వేగం 193. రాపిడీ గాలీ లేకపోతే ఆ వేగం 146 మీటర్ల దాకా ఎక్కిస్తుంది. ఆ 18 మీటర్ల తేడాయే మార్జిన్. చలిపొద్దున చక్రాలు బిగిసి ఉన్నా, ఎదురుగాలి కొట్టినా అది కరిగిపోతుంది, ట్రైన్ శిఖరం దాకా వెళ్ళి మొహమాటపడి వెనక్కి వస్తుంది. అందుకే లాంచ్ ట్రాక్ పొడవునా బ్రేకు రెక్కలుంటాయి. లాంచ్‌కి ముందు కిందికి దిగుతాయి, ట్రైన్ దాటగానే పైకి లేస్తాయి. జారొచ్చిన ట్రైన్ వాటిలోకి వచ్చి ఆగుతుంది. వెనక ట్రైనా? ముందుది శిఖరం దాటిందని సెన్సారు చెప్పేదాకా దానికి లాంచ్ ట్రాక్‌లోకే దారి ఇవ్వరు. రోల్‌బ్యాక్ పడాలని దణ్ణాలు పెట్టుకుని ఎక్కే పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, రెండు లాంచ్‌లు దక్కుతాయని.

ఇంక అయిదూ ఆరూ ఏడూ. ఇక్కడ నవ్వు రావడం లేదు.

జపాన్ మాట అబద్ధం కాదు. ఫుజీ-క్యూ హైలాండ్‌లో డో-డోడొంపా కంప్రెస్డ్ గాలితో 1.56 సెకన్లలో 180 వేగం అందుకునేది. ఎముకలు విరిగాయని ఎక్కినవాళ్ళు పలువురు చెప్పాక 2021 ఆగస్టులో ఆపేశారు, 2024లో శాశ్వతంగా మూసేశారు. లెక్క కడితే సగటున 3.3 జీ (ఒక జీ అంటే మన బరువంత తోపు). ఫార్ములా రోసా 240కి చేరేది 4.9 సెకన్లలో, సగటు 1.4 జీ. రెండున్నర సెకన్లలో 100 అంటే 1.1 జీ. అంతిమ వేగం ఎముక విరవదు, ఎంత తక్కువ వ్యవధిలో ఆ వేగం ఎక్కించారన్నదే అసలు సంగతి. ఇంకొకటి, ఎలా కూర్చున్నారన్నది.

మన తల బరువు దాదాపు 5 కిలోలు. 1.1 జీ లాంచ్‌లో దాన్ని ముందుకి తోయడానికి అయిదున్నర కిలోల బలం కావాలి. తల హెడ్‌రెస్ట్‌కి ఆనుకుని ఉంటే ఆ బలం సీటు ఇస్తుంది, మెడకి పనే లేదు. ముందుకి వంచారా, సీటు ముందుకి దూకుతుంది, తల ఉన్నచోటే ఉండిపోతుంది, మధ్యలో ఉన్న జానెడు ఖాళీ దాటి హెడ్‌రెస్ట్ వచ్చి తగులుతుంది. అయిదో పాయింటులో ఎముకలు విరుగుతాయని ఏడ్చి, ఆరో పాయింటులో విరగ్గొట్టుకునే పద్ధతి నేర్పుతున్నాడీ మహానుభావుడు! పైగా పదిమందికీ పంపమంటాడు.

ల్యాప్ బార్ వదులు సంగతీ అంతే. బార్ ఉన్నది పొట్టని నొక్కడానికి కాదు, తొడలు నడుముతో కలిసేచోట ఒంటిని సీటుకి పట్టి ఉంచడానికి. గుట్ట మీద ట్రైన్ కిందికి వంగినప్పుడు ఒళ్ళు సీటులోంచి పైకి లేస్తుంది. ఖాళీ లేకపోతే బార్ అక్కడే ఆపుతుంది. నాలుగు వేళ్ళ ఖాళీ వదిలితే ఒళ్ళు ఆ మేర లేచి బార్‌ని గుద్దుకుంటుంది, మళ్ళీ సీటు మీద పడుతుంది, ప్రతి గుట్టకీ ఇదే. మనవాళ్ళు చేసే తెలివైన పని ఒకటుంది. ఆపరేటరు నొక్కి చూసేటప్పుడు మడమలు ఎత్తి మోకాళ్ళు పైకి లేపి ఉంచుతారు, ఆయన పక్క సీటుకి వెళ్ళగానే కాళ్ళు దించి "హాయిగా ఉంది" అంటారు. హాయిగానే ఉంటుంది, మొదటి గుట్ట దాకా. హైడ్రాలిక్ బార్‌కి క్లిక్కులుండవు, ఎక్కడ వదిలితే అక్కడే బిగుసుకుంటుంది. కిందికి పోతుంది గానీ పైకి రాదు. కాబట్టి పాదాలు రెండూ నేలకి ఆనించి, నడుము సీటు వెనక్కి పూర్తిగా జరిపి, బార్ మీరే తొడల దాకా లాక్కోండి. తల వెనక్కి. చేతులు పిడి మీద. ఫోను లాకర్లో, జేబులో కాదు.

ఏడో పాయింటు రాసినవాడి మీద మాత్రం కేసు పెట్టినా తప్పులేదు. ఎత్తు గీత దండగమారి రూలు కాదు, బార్ తయారు చేసినవాళ్ళు అది ఎంత సైజు ఒంటిని పట్టగలదో లెక్కగట్టి చెప్పిన అంకె. బూటు అడుగున రెండంగుళాలు చేరిస్తే గుంటడి తొడ ఎముకకి రెండంగుళాలు చేరవు. సన్నటి తొడల మీదికి బార్ పూర్తిగా దిగకముందే దాని ఆఖరి స్థానం వచ్చేస్తుంది, మిగిలేది ఖాళీ. పాదాలు నేలకందవు, అదుముకుని కూర్చోవడానికి ఊతం లేదు. ఆపరేటరుకి పచ్చలైటు కనపడుతుంది, ఎందుకంటే బార్ బిగిసింది. ఎవరి మీద బిగిసిందో ఆ లైటుకి తెలీదు. ఓర్లాండోలో 2022 మార్చిలో డ్రాప్ టవర్ (జనాన్ని పైనుంచి ఒక్కసారిగా కిందికి వదిలే రైడ్) మీంచి 14 ఏళ్ళ కుర్రాడు జారి చనిపోయాడు. అది కోస్టర్ కాదు, ఆ కుర్రాడు పొట్టివాడూ కాదు, భారీ మనిషి. అక్కడా కారణం ఖాళీయే. సీటు సెన్సారుని చేత్తో సర్దడం వల్ల ఒంటిని పట్టి ఉంచే హార్నెస్‌కీ సీటుకీ మధ్య మామూలుకి దాదాపు రెట్టింపు సందు ఉండగానే రైడ్ మొదలైంది. ఒంటి కొలతకీ బార్‌కీ పొంతన కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఏడాది పోయాక పిల్లాడు రెండంగుళాలు పెరుగుతాడు. కోస్టర్ అక్కడే ఉంటుంది. బావగారూ, పెదనాన్నగారూ, కనీసం ఈ ముక్క తీసేసి ఫార్వర్డ్ చెయ్యండి.

మిగిలింది ఎనిమిదో పాయింటు. దీని మీదా విరుచుకుపడదామనే మొదలుపెట్టాను గానీ, ఇది కరెక్టే. ప్రాణభయం వల్ల కాదు, టికెట్ డబ్బులు దండగ కాబట్టి. టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌నే కొత్త మోటార్లతో, కొత్త ట్రైన్లతో టాప్ థ్రిల్ 2 పేరుతో 2024 మేలో తెరిచారు. వారం పైచిలుకు నడిచింది, చక్రాల దగ్గర సమస్య వచ్చి ఆ సీజనంతా మూతపడింది, మళ్ళీ తెరిచేసరికి 2025. లాంచ్ కోస్టరులో ఆగిపోవడానికి ఉన్నన్ని కారణాలు గొలుసు కోస్టరులో లేవు. ఒక పొజిషన్ సెన్సారు తప్పు చదివితే ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటివ్వాలో మోటారుని నడిపే యంత్రానికి తెలీదు, లాంచ్ రద్దు. వరసగా లాంచ్‌లు కొడితే కాయిల్స్ వేడెక్కుతాయి, చల్లారేదాకా ఆపుతారు. చక్రాల మీది పాలీయురేథేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) తొడుగు వేగానికీ ఎండకీ కలిపి వేడెక్కి పొరలు లేస్తే ఆ చక్రం మార్చాలి. రియాద్‌లో జూన్, జులై ఎండ ఎలా ఉంటుందో అక్కడ ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో పనిచేసే మనోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి గట్టిగా ఉంటే ఏ ఎత్తైన కోస్టరునైనా ఆపేస్తారు, ఇసుక గాలి అయితే మరీను.

సెలవు పెట్టి, అల్ ఖోబార్ నుంచో జుబైల్ నుంచో బస్సెక్కి వెళ్ళేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. బయలుదేరే ముందు ఆరోజు ఆ రైడ్ నడుస్తోందో లేదో పార్కు యాప్‌లో చూసుకోండి. లోపలికెళ్ళాక నడుస్తూ కనపడితే ఫొటోలూ తిండీ తరవాత, ముందు ఆ లైన్లో నిలబడండి. సాయంత్రానికి అది ఆగిపోయుండొచ్చు.